ఒంటరి అయాను, లేజరు కాంతి: వర్ణపటం నుంచి క్వాంటం కంప్యూటరు దాకా

ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసానికి పిలుపు వచ్చినప్పుడు ఏ విషయం ఎంచుకోవాలా అన్న సందేహమే నాకు కలగలేదు. రంగధామరావు గారు తమ పరిశోధన జీవితంలో పెద్ద భాగం అయాన్ల వెలుగును చదవడంలో గడిపారు. ఇప్పుడు ఆ అయాన్లనే ఒక్కొక్కటిగా పట్టుకుని, వెలుగుతోనే వాటిని నడిపించి లెక్కలు చేయిస్తున్నారు. ఈ రెండు పనులకూ మధ్య నడిచిన దారిని గుర్తు చేసుకోవడమే ఆయనకు తగిన నివాళి అనిపించింది.

ఆయన 1898లో పుట్టారు. విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్ గారి దగ్గర వర్ణపటాల పని పట్టుబడింది. ఆ నారాయణ్ గారే తర్వాతి కాలంలో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యారు. రంగధామరావు గారు అక్కణ్నుంచి లండన్ వెళ్ళి, ఇంపీరియల్ కాలేజీలో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పనిచేశారు. ఆర్సెనిక్, సెలీనియం, బ్రోమిన్ వంటి మూలకాల నుంచి ఒకటో రెండో మూడో ఎలక్ట్రాన్లు ఊడిపోతే మిగిలిన అయాను ఏయే రంగుల కాంతి ఇస్తుందో తేల్చడం ఆయన పని. ఫొటో ప్లేటు మీద వందల గీతలు పడతాయి. ఏ గీత ఏ అయానుదో విడదీయాలి, ఒక్కో గీత తరంగదైర్ఘ్యం కొలవాలి, కొలిచినవాటిని జత కలిపి ఆ అయాను శక్తి స్థాయిల పటం గీయాలి. కళ్ళు నొప్పిపుట్టే పని అది. తిరిగివచ్చాక వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన కట్టిన భౌతికశాస్త్ర ప్రయోగశాల ఈ ఓపికనే తరాల విద్యార్థులకు నేర్పింది. 1972లో ఆయన కన్నుమూసే నాటికి వర్ణపట శాస్త్రం అనగానే దేశంలో వాల్తేరు పేరు వినిపించేది.

నేను చెప్పదలచింది ఒక్కటే. అయాన్ల క్వాంటం కంప్యూటరులో లేజరు చేసే ప్రతి పనికీ ఆధారం వర్ణపట శాస్త్రజ్ఞులు గీసిన ఆ శక్తి స్థాయిల పటమే. కాబట్టి ఈ విద్యలో నిలబడాలనుకునేవారు ఎవరైనా సరే, ముందు ఒకే ఒక్క అయానును చేతిలోకి తెచ్చుకోవాలి. వందల క్యూబిట్ల, అంటే క్వాంటం కంప్యూటరులోని సమాచార మూల ప్రమాణాల, సంగతి ఆ తర్వాత. దీన్ని మెట్టు మెట్టుగా చెబుతాను.

1

ముందు ఫౌలర్ గారి కథ. 1912లో ఆయన హైడ్రోజన్, హీలియం కలిపి నింపిన గొట్టంలో విద్యుత్తు పంపితే కొన్ని కొత్త గీతలు కనిపించాయి. అవి హైడ్రోజన్‌వే అనుకున్నారు. మరుసటి ఏడాది నీల్స్ బోర్ తన పరమాణు సిద్ధాంతం ప్రకటిస్తూ, అవి ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న హీలియంవి అన్నాడు. ఫౌలర్ ఒప్పుకోలేదు. బోర్ లెక్క ప్రకారం ఈ గీతల లెక్కలో వచ్చే స్థిరాంకం హైడ్రోజన్ స్థిరాంకానికి సరిగ్గా 4 రెట్లు ఉండాలి, కొలిస్తే 4.0016 వస్తోంది అన్నారు. కేంద్రకం కూడా కొంచెం కదులుతుందని గుర్తు చేసి, ఆ కదలికను లెక్కలో కలిపి బోర్ అదే సంఖ్య రాబట్టాడు. ఫౌలర్ ఒప్పుకున్నారు, అయాన్ల వర్ణపటాలనే తన రంగం చేసుకున్నారు. నాలుగో దశాంశ స్థానాన్ని వదిలిపెట్టని ఆ బడిలోకే రంగధామరావు గారు వెళ్ళారు.

అయితే ఆ రోజుల్లో అయాన్లను చూడటమంటే గుంపును చూడటమే. మెరుపు గొట్టంలో కోట్ల కోట్ల అయాన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పరుగులు తీస్తుంటాయి. ప్లేటు మీద పడే గీత వాటన్నిటి సగటు. 1952లో ఎర్విన్ ష్రోడింగర్ ఒక వ్యాసంలో, ఒకే ఎలక్ట్రానుతోనో ఒకే పరమాణువుతోనో మనం ఎన్నడూ ప్రయోగాలు చెయ్యలేదని, అలాంటివి ఊహలో చేసుకునేవేనని రాశాడు. కోట్ల ఏళ్ళ కిందట అంతరించిన సముద్ర సరీసృపాలను జంతు ప్రదర్శనశాలలో పెంచడం ఎంత సాధ్యమో ఇదీ అంతే సాధ్యమన్నాడు. క్వాంటం యాంత్రిక శాస్త్రానికి సమీకరణం ఇచ్చిన మనిషి మాట అది. ఆయన అలా అనుకోవడంలో అన్యాయం ఏమీ లేదు, అప్పటికి దారి కనిపించలేదు.

2

దారి అప్పటికే జర్మనీలో తెరుచుకుంటోంది. అయానుకు విద్యుదావేశం ఉంది కాబట్టి విద్యుత్ క్షేత్రంతో పట్టుకోవచ్చని ఎవరికైనా తోస్తుంది. చిక్కేమిటంటే, కదలని విద్యుత్ క్షేత్రాలతో ఏ ఆవేశాన్నీ ఒకచోట నిలకడగా ఆపలేమని ఎర్న్‌షా 1842లోనే నిరూపించాడు. ఒక దిశలో లోపలికి నెడితే ఇంకో దిశలో బయటికి జారిపోతుంది. బాన్ నగరంలో వోల్ఫ్‌గాంగ్ పౌల్ 1950లలో కనిపెట్టిన ఉపాయం, క్షేత్రాన్ని నిలకడగా ఉంచకపోవడమే. ఏ దిశలో నెడుతున్నామో, ఏ దిశలో లాగుతున్నామో సెకనుకు లక్షలు, కోట్ల సార్లు తారుమారు చేస్తే, సగటున అయాను మధ్యలోనే ఆగుతుంది. గుర్రపు జీను ఆకారంలో ఒక పలకను తిప్పుతూ, దాని మీద పెట్టిన బంతి జారిపోకుండా నిలబడటం పౌల్ స్వయంగా చూపించేవాడు. పలక ఆపితే బంతి కిందపడేది.

అయాన్లను ఇలా బంధించే సాధనమే ట్రాపు. ఇప్పుడు ప్రయోగశాలల్లో కనిపించే మామూలు రకం ట్రాపులో నాలుగు సన్నని లోహపు కడ్డీలు, రెండు చివర్లా రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కడ్డీలకు కొన్ని వందల వోల్టులు, సెకనుకు కొన్ని కోట్ల సార్లు మారే విద్యుత్తు. ఇదంతా ఒక ఉక్కు పాత్రలో ఉంటుంది. ఆ పాత్రలో పీడనం మనం పీల్చే గాలి పీడనంలో కోటి కోట్లవ వంతు. దారినపోయే గాలి అణువు ఒక్కటి తగిలినా అయాను చెదిరిపోతుంది కాబట్టి అంత శూన్యం కావాలి.

ఇక్కడ ఒక నిమిషం ఆగి, రంగధామరావు గారి శిష్యులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఒంటరి అయానును పట్టినవారిలో ముఖ్యుడు హాన్స్ డెమెల్ట్. ఆయన యువకుడిగా గాటింగెన్‌లో ఉన్నప్పుడు, క్రూగర్‌తో కలిసి 1950లో న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్‌ను కనిపెట్టాడు. అదే ఎన్‌క్యూఆర్. మన ఆచార్యులవారు వాల్తేరులో తర్వాత చేపట్టి, ఈ దేశంలో వేళ్ళూనేలా చేసిన విద్య అదే. డెమెల్ట్ ఆ విద్యను వదిలి అమెరికాలో సియాటిల్ చేరాడు, 1973లో ఒకే ఒక ఎలక్ట్రానును బంధించాడు. తర్వాత పీటర్ టోషెక్ బృందం ఆయనతో కలిసి హైడెల్‌బర్గ్‌లో ఒకే ఒక బేరియం అయానును పట్టి, 1980లో దాని ఛాయాచిత్రం ప్రచురించింది. ష్రోడింగర్ మాటకు ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత. పౌల్‌కూ డెమెల్ట్‌కూ 1989లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే విద్యలో పనిచేసిన ఇద్దరిలో ఒకరు వాల్తేరులో, ఒకరు సియాటిల్‌లో ఉన్నారన్న సంగతి మన విద్యార్థులకు తెలియాలి. తెలిస్తే, ఇది ఎక్కడో వేరే లోకంలో జరిగే శాస్త్రమన్న భావం కొంతైనా తగ్గుతుంది.

3

పట్టుకున్న అయాను వేడిగా ఉంటుంది, అంటే వేగంగా కదులుతుంటుంది. దాన్ని చల్లబరచేది లేజరు. వెలుగుతో చల్లబరచడమేమిటని విద్యార్థులు ఎప్పుడూ అడుగుతారు, అడగాల్సిందే. 1975లో ఈ ఆలోచనను అయాన్ల విషయంలో వైన్‌లాండ్, డెమెల్ట్ ప్రతిపాదించారు, తటస్థ పరమాణువుల విషయంలో హాన్ష్, షాలో ప్రతిపాదించారు. 1978లో అమెరికాలోని బౌల్డర్‌లో వైన్‌లాండ్ బృందం మెగ్నీషియం అయాన్లతో, జర్మనీలో టోషెక్ బృందం బేరియంతో చేసి చూపించాయి.

నేను కాల్షియం అయానును ఉదాహరణగా తీసుకుంటాను. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ బృందం దానితోనే పనిచేస్తుంది. కాల్షియం అయాను 397 నానోమీటర్ల ఊదా కాంతిని మింగుతుంది. మనం లేజరును సరిగ్గా ఆ రంగు మీద కాకుండా, ఒక పిసరు ఎరుపు వైపు ఉంచుతాం. లేజరుకు ఎదురుగా పరుగెత్తే అయానుకు ఆ కాంతి డాప్లర్ ప్రభావం వల్ల సరిగ్గా తనకు కావలసిన రంగులా కనిపిస్తుంది, మింగుతుంది. వెనక్కి పోయే అయానుకు ఆ రంగు మరీ దూరమవుతుంది, దాదాపు ముట్టుకోదు. అంటే ఎదురొచ్చినప్పుడే తోపు తగులుతుంది. తిరిగి వదిలే ఫోటాన్లు అన్ని దిక్కులకూ పోతాయి గనుక వాటి తోపులు ఒకదానితో ఒకటి చెల్లిపోతాయి.

లెక్క వేసి చూడండి. 397 నానోమీటర్ల ఫోటాను ఒక్కటి తగిలితే కాల్షియం అయాను వేగం సెకనుకు సుమారు 2.5 సెంటీమీటర్లు మారుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర దాని వేగం సెకనుకు నాలుగు వందల మీటర్ల పైచిలుకు. అంటే 17 వేల ఫోటాన్ల దెబ్బలు. చాలా ఎక్కువనిపిస్తుంది కానీ ఈ అయాను సెకనుకు కోటి ఫోటాన్లకు పైగా మింగి వదలగలదు. కంటి రెప్ప కదిలేలోపే పని అయిపోతుంది. ఈ పద్ధతిలో చేరగలిగిన అడుగు సుమారు అర మిల్లీకెల్విన్. పాత్ర గోడలు మాత్రం మన గది వేడిలోనే ఉంటాయి.

ఇప్పుడు తెర మీద ఏం కనిపిస్తుందో చెబుతాను. కాల్షియం ముక్కలు పెట్టిన చిన్న గొట్టాన్ని వేడిచేస్తే పరమాణువులు ట్రాపు మధ్యగా పోతుంటాయి. 423 నానోమీటర్ల లేజరు ఒక మెట్టు ఎక్కిస్తుంది, 375 దగ్గరి ఇంకో లేజరు ఎలక్ట్రానును ఊడగొడుతుంది. కెమెరా తెర నల్లగా ఉంటుంది. ఉన్నట్టుండి మధ్యలో ఒక చుక్క వెలుగుతుంది, అది ఒక అయాను. రెండోది వచ్చి చేరగానే మొదటిది మధ్య స్థానం వదిలి పక్కకు జరుగుతుంది, రెండూ మధ్య బిందువుకు చెరోవైపు సమాన దూరంలో సర్దుకుంటాయి. మూడోది, నాలుగోది వస్తే వరస కడతాయి. పక్కపక్క చుక్కల మధ్య దూరం సుమారు అయిదు మైక్రోమీటర్లు. మామూలు కెమెరాకు కూడా అయాను అందుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ నాడ్లింగర్ అనే పరిశోధక విద్యార్థి ఒక స్ట్రాన్షియం అయానును అలా ఫొటో తీశాడు. అది 2018లో బ్రిటన్‌లో ఒక శాస్త్రీయ ఛాయాచిత్రాల పోటీలో బహుమతి గెలిచింది.

ఇక్కడే నా వాదనకు మొదటి రుజువు ఉంది. 397 లేజరు ఒక్కటే వేసి చూడండి, చుక్క వెలిగినట్టే వెలిగి వెంటనే ఆరిపోతుంది. ఎందుకంటే పైకెక్కిన అయాను సుమారు పదహారు సార్లకు ఒకసారి మొదటి స్థాయికి రాకుండా, పక్కనున్న మరో స్థాయికి జారిపోతుంది. అక్కడ 397 కాంతి దానికి పనికిరాదు. 866 నానోమీటర్ల లేజరు వేసి దాన్ని తిరిగి లాక్కురావాలి. ఆ పక్క స్థాయి ఉందనీ, అక్కణ్నుంచి రావాలంటే 866 కావాలనీ మనకు ఎవరు చెప్పారు? కాల్షియం అయాను శక్తి పటాన్ని ప్లేటు మీది గీతల నుంచి గీసిన పాత తరం. లేజరు పుట్టక ముందే ఆ పటం సిద్ధంగా ఉంది.

4

చల్లబడిన అయాను ఇంకా క్యూబిట్ కాలేదు. సున్నా, ఒకటి అని పిలుచుకోవడానికి రెండు స్థాయిలు కావాలి, ఆ రెండూ చాలాసేపు చెక్కుచెదరకుండా ఉండాలి. కాల్షియంలో అట్టడుగు స్థాయి ఒకటి. రెండోది 729 నానోమీటర్ల ఎర్ర కాంతితో మాత్రమే నేరుగా చేరగలిగిన ఒక పై స్థాయి. మామూలు పై స్థాయిలో ఎలక్ట్రాను సెకనులో పది కోట్లవ వంతు కూడా నిలవదు. ఈ స్థాయిలో మాత్రం సగటున 1.17 సెకన్లు కూర్చుంటుంది. పరమాణు లోకంలో అది చాలా పెద్ద కాలం.

729 లేజరును కొన్ని మైక్రోసెకన్లు వేస్తే అయాను సున్నా నుంచి ఒకటికి పోతుంది. అందులో సగం సేపే వేస్తే రెండింటి అధ్యారోపణలో నిలుస్తుంది, అంటే సున్నా, ఒకటి రెండూ ఒక కచ్చితమైన దశా సంబంధంతో కలిసి ఉంటాయి. వెలుగు ఎంతసేపు పడింది, దాని దశ ఏమిటి అన్న రెండు విషయాలే క్యూబిట్‌ను ఎటు తిప్పాలో నిర్ణయిస్తాయి. అందువల్ల ఆ లేజరు తాను ఎక్కడుందో మరిచిపోకూడదు. దాని కాంతి సెకనుకు 411 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది, అందులో ఒకటి రెండు ఊపుల తేడా కూడా రానీయకుండా నిలబెట్టాలి. వేడికి వ్యాకోచించని ప్రత్యేక గాజు దిమ్మెకు రెండు వైపులా అద్దాలు పెట్టి, దాన్ని శూన్యంలో వేలాడదీసి, లేజరును దానికి కట్టేస్తారు. పక్క గదిలో తలుపు గట్టిగా మూసినా తెర మీద తెలిసిపోతుంది. 2009లో ఇన్స్‌బ్రుక్ బృందం ఒక కాల్షియం అయానులో ఈ పౌనఃపున్యాన్ని 1 హెర్ట్జ్ అనిశ్చితితో కొలిచింది. ఫౌలర్ నాలుగో దశాంశం నుంచి పదిహేనో అంకె దాకా వచ్చిందన్నమాట వర్ణపట శాస్త్రం.

అందరూ 729 వాడరు. యిటర్బియం 171 అయానులో అట్టడుగు స్థాయే కేంద్రకపు అయస్కాంతత్వం వల్ల రెండుగా చీలుతుంది, వాటి మధ్య తేడా సెకనుకు 1264 కోట్ల ఊపులు. అలాంటి ఒక అయానులో అధ్యారోపణను పది నిమిషాలకు పైగా నిలిపామని చైనాలోని ట్సింగ్‌హువా విశ్వవిద్యాలయం వారు 2017లో చూపారు, తర్వాత గంట దాటించారు.

ఇక క్యూబిట్‌లోని జవాబును చదవడం. ఎమ్మెస్సీ పిల్లలు ఇది జాగ్రత్తగా వినాలి, ఈ రంగం మొత్తంలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఇదే. 397, 866 లేజర్లు రెండూ వేస్తాం. అయాను అట్టడుగు స్థాయిలో ఉంటే కోట్ల ఫోటాన్లు చిమ్ముతుంది, చుక్క వెలుగుతుంది. ఆ 1.17 సెకన్ల స్థాయిలో ఉంటే ఈ రెండు కాంతులూ దాన్ని తాకవు, చుక్క చీకటిగా ఉంటుంది. మధ్యస్థంగా ఏదీ ఉండదు. 1986లో సియాటిల్, హాంబర్గ్, బౌల్డర్‌లలో మూడు బృందాలు ఒంటరి అయాను ఇలా టక్కున ఆరిపోవడం, టక్కున వెలగడం చూశాయి. బోర్ 1913లో చెప్పిన క్వాంటం గెంతును, ష్రోడింగర్ ఒప్పుకోని ఆ గెంతును మనిషి కన్ను చూడటం అదే మొదలు. ఈరోజు క్యూబిట్ జవాబు చదవడమంటే ఆ గెంతుకు అటు ఉందో ఇటు ఉందో చూడటమే. 2008లో ఆక్స్‌ఫర్డ్ బృందం సగటున 145 మైక్రోసెకన్లలో 99.99 శాతం కచ్చితత్వంతో ఇలా చదవగలిగింది.

5

ఒక్క క్యూబిట్‌తో లెక్కలు సాగవు. రెండు అయాన్లు ఒకదాని స్థితిని బట్టి ఒకటి మారాలి. అయిదు మైక్రోమీటర్ల దూరంలో ఉన్న పరమాణువులు మామూలుగా ఒకదాని లోపలి స్థితిని ఇంకొకటి పట్టించుకోవు.

1994లో పీటర్ షోర్, పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే క్వాంటం పద్ధతి కనిపెట్టాడు. అదే ఏడాది బౌల్డర్‌లో జరిగిన పరమాణు భౌతికశాస్త్ర సదస్సులో ఆర్టుర్ ఎకర్ట్ ఆ సంగతి వివరించాడు. విన్నవారిలో ఇగ్నాసియో సిరాక్, పీటర్ జోలర్ ఉన్నారు. మరుసటి ఏడాది వారు ప్రచురించిన ఉపాయం ఈ రంగానికి పునాది. అయాన్లన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి, ఒకదాన్ని కదిలిస్తే అన్నీ కదులుతాయి. దండెం మీద ఒక చివర ఆరేసిన చీర లాగితే, ఆ చివరి తువ్వాలు దాకా ఊగుతుంది, అలా. ఈ ఊగడం కూడా క్వాంటం నియమాల ప్రకారమే, మెట్లుగా జరుగుతుంది. సెకనుకు పది లక్షల ఊపుల ప్రాంతంలో ఉండే ఆ కంపనానికి సరిపడా లేజరు రంగును కొద్దిగా పైకో కిందికో జరిపితే, అయాను లోపలి స్థితి మారుతూ మారుతూనే ఊపులో ఒక మెట్టు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఆ విధంగా మొదటి అయాను స్థితిని అయాన్లన్నీ పంచుకున్న ఊపులోకి ఎక్కించి, ఆ ఊపును బట్టి రెండో అయానును తిప్పి, తిరిగి మొదటిదానికి అప్పగించవచ్చు. లెక్కలో ఇలాంటి ఒక్కో మెట్టును గేటు అంటారు.

ఇందుకు అయాన్లు ఊపులో అట్టడుగు మెట్టు మీద ఉండాలి. ఒక అయానును అంత చల్లగా చెయ్యవచ్చని బౌల్డర్ బృందం పాదరసం అయానుతో 1989లోనే చూపించింది. సిరాక్, జోలర్ వ్యాసం వచ్చిన 1995లోనే, డిసెంబరులో, అక్కడే క్రిస్ మన్రో, వైన్‌లాండ్ తదితరులు ఒకే ఒక బెరీలియం అయాను లోపలి స్థితికీ దాని ఊపుకూ మధ్య ఈ గేటును నడిపి చూపారు. అంత త్వరగా ఎలా చేయగలిగారు? వారు క్వాంటం కంప్యూటరు కోసం సిద్ధమై కూర్చోలేదు. మరింత కచ్చితమైన పరమాణు గడియారం కోసం అయాన్లను చల్లబరుస్తూ, రేఖలు కొలుస్తూ ఇరవై ఏళ్ళు గడిపారు. కావలసిన పనిముట్లన్నీ బల్ల మీదే ఉన్నాయి. వైన్‌లాండ్ 2012లో సెర్జ్ హరోష్‌తో నోబెల్ పంచుకున్నాడు.

రెండు వేర్వేరు కాల్షియం అయాన్ల మధ్య సిరాక్, జోలర్ చెప్పినట్టే గేటు నడవడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. అది ఇన్స్‌బ్రుక్‌లో రైనర్ బ్లాట్ బృందం పని. లేజరు పుంజాన్ని ఒక్క అయాను మీదికే పడేంత సన్నగా చేసి, ఒక అయాను మీద నుంచి ఇంకో అయాను మీదికి మార్చాలి. పక్క అయాను మీద కొద్దిగా వెలుగు చిందినా లెక్క తప్పుతుంది. ఈలోగా 1999లో మోల్మర్, సోరెన్సన్ రెండు రంగుల కాంతితో ఒకేసారి అయాన్లను కదిలించే ఇంకో పద్ధతి చెప్పారు. ఊపు పూర్తిగా చల్లబడకపోయినా అది పనిచేస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది వాడేది దాన్నే. 2011లో ఇన్స్‌బ్రుక్ వారు 14 అయాన్లను ఎంటాంగిల్‌మెంట్‌లో, అంటే విడదీసి చెప్పలేని ఉమ్మడి క్వాంటం స్థితిలో, పెట్టింది కూడా దాంతోనే.

6

ఎన్ని క్యూబిట్లు అని పత్రికలు అడుగుతాయి. ఎంత కచ్చితంగా అని మనం అడగాలి. గేటు నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా పనిచేస్తుందనుకోండి. మూడు వందల గేట్ల లెక్కలో ఎక్కడా తప్పు దొర్లకుండా చివరికి చేరే అవకాశం సుమారు 5 శాతం. అదే గేటు 99.9 శాతం సరైనదైతే ఆ అవకాశం 74 శాతం. 2016లో ఆక్స్‌ఫర్డ్, బౌల్డర్ బృందాలు రెండూ రెండు అయాన్ల గేటును ఆ 99.9 దాకా తెచ్చాయి. అయాన్లకు ఇది చేతనవుతున్నది ప్రకృతి చేసిన మేలు వల్ల. ఏ రెండు కాల్షియం 40 అయాన్లూ వేరువేరు కావు. ఇంకో రకం క్వాంటం కంప్యూటర్లలో వాడే, కర్మాగారంలో చేసిన అతివాహక చిప్పుల్లో ఏ రెండూ సరిగ్గా ఒకటి కావు.

లోపాలు కూడా చెప్పాలి. అయాన్ల గేట్లకు పదుల, వందల మైక్రోసెకన్లు పడుతుంది. అతివాహక చిప్పుల్లో అదే పని మైక్రోసెకనులో చిన్న భాగంలో అయిపోతుంది. ఇంకోటి, వరస పొడుగవుతున్న కొద్దీ ఊపులు ఎక్కువై, ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం కష్టమవుతుంది. అందుకే 2002లో కీల్పిన్‌స్కీ, మన్రో, వైన్‌లాండ్ ఒక ఆలోచన చెప్పారు. ఒకే పొడుగు వరస వద్దు, ట్రాపును గదులుగా కట్టి, ఎలక్ట్రోడ్ల వోల్టేజీలు మారుస్తూ అయాన్లనే గది నుంచి గదికి నడిపిద్దాం అన్నారు. క్వాంటినమ్ సంస్థ యంత్రాలు ఆ దారినే వచ్చాయి. 2024లో 56 యిటర్బియం అయాన్లు, 2025లో 98 బేరియం అయాన్లు. బేరియానికి కావలసిన కాంతి కంటికి కనిపించే రంగుల్లో ఉంది, అతినీలలోహిత కాంతి పెట్టే తిప్పలు తక్కువ. 1980లో తొలి ఛాయాచిత్రంలోకి వచ్చిన అయాను అదే.

ఈమధ్య లేజరు లేకుండా మైక్రోతరంగాలతో గేట్లు నడిపే పద్ధతి కూడా బలపడింది. 2025లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఒక కాల్షియం క్యూబిట్‌ను అలా తిప్పుతూ 67 లక్షల సార్లకు ఒక తప్పు మాత్రమే వచ్చేలా చేసింది. మరి లేజరు కాలం చెల్లిందా? అక్కడ కూడా అయానును చల్లబరచేది, మొదటి స్థాయిలో కూర్చోబెట్టేది, జవాబు చదివేది లేజరే.

7

చివరగా మన సంగతి. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌ను 6003.65 కోట్ల రూపాయలతో ఆమోదించింది. 2025 మేలో అమరావతిలో ఐబీఎం యంత్రం పెడతామని, టీసీఎస్, ఎల్ అండ్ టీ అందులో భాగస్వాములని ప్రకటన వచ్చింది. 156 క్యూబిట్ల అతివాహక చిప్పు అది. నాకు సంతోషమే. మన పిల్లలు దాని మీద ప్రోగ్రాములు రాస్తారు, రాయాలి. అయితే ఆ చిప్పు మూసిన పెట్టెలో, కెల్విన్‌లో వందో వంతు దగ్గర చలిలో ఉంటుంది. దాన్ని వాడటం వేరు, ఒక క్వాంటం వ్యవస్థను చేత్తో నిలబెట్టడం వేరు. ఆ రెండో విద్య లేకపోతే రేపు ఇంకో రకం యంత్రం వచ్చినప్పుడు దాన్నీ కొనుక్కోవడం తప్ప ఏమీ చేయలేం. రంగధామరావు గారు వాల్తేరులో పరికరాలు నిలబెట్టి, విద్యార్థుల చేత ప్లేట్లు కొలిపించింది ఈ పరాధీనత ఒప్పుకోలేకే అని నేను గట్టిగా నమ్ముతాను.

అయాన్లను పట్టే విద్య మన దేశానికి కొత్త కాదు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో రుబీడియం అయాన్లను అవే జాతి చల్లని పరమాణువులతో గుద్దించి చల్లబరచవచ్చని 2012లో చూపించారు. పుణెలోని ఐయూకా పరిశోధన కేంద్రంలో యిటర్బియం అయాను గడియారం పని నడుస్తోంది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో ఒక్కచోటైనా ఒక అయాను ట్రాపు ఉండాలని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను. మొదటి మెట్టుకు 729 లేజరు, దాని గాజు దిమ్మె అక్కర్లేదు. నాలుగు కడ్డీల ట్రాపు, మంచి శూన్యం, కెమెరా, ఫోటాన్లను లెక్కించే సాధనం కావాలి. 423, 375, 397, 866, 393, 854 నానోమీటర్ల దగ్గర చిన్న డయోడు లేజర్లు కావాలి. ఒక అధ్యాపకుడు, ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థులు, కొన్నేళ్ళ ఓపిక.

ఆ ట్రాపులో విద్యార్థి చెయ్యాల్సిన తొలి ప్రయోగం కూడా చెబుతాను. ఒకే ఒక కాల్షియం అయానును 397, 866తో వెలిగించండి. 393 లేజరును ఒక్క క్షణం వేయండి. కొన్నిసార్లు అయాను ఆ పొడుగు ఆయువు స్థాయిలోకి జారి చుక్క ఆరిపోతుంది. ఎంతసేపటికి తిరిగి వెలిగిందో రాసుకోండి. వందలసార్లు చేసి, వ్యవధులను పట్టిక వేసి సగటు తీయండి. 1.17 సెకన్ల దగ్గరికి వస్తే మీ ట్రాపు బాగున్నట్టు. తక్కువ వస్తే, అయానును ఆ స్థాయి నుంచి బయటికి లాగే 854 కాంతి ఎక్కణ్నుంచో కారుతోందేమో, లేకపోతే శూన్యం చాలక గాలి అణువులు తగులుతున్నాయేమో వెతకండి. ముందు 854 లేజరు దారిని నల్ల గుడ్డతో పూర్తిగా మూసి, మళ్ళీ కొలవండి.